సరుకు ఓడ కట్టే రోజులు

హిందుస్థాన్ షిప్‌యార్డు ఎవరిదని ఇప్పటి విశాఖ కుర్రాళ్లను అడగండి. నేవీదని ఠక్కున చెబుతారు. నేవీది కాదు నాయనా, 2010లో రక్షణ శాఖ కిందికి వెళ్లిన ప్రభుత్వ సంస్థ అది. సరే, మొదలుపెట్టింది ఎవరు అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. యార్డు దగ్గరి సింధియా స్టాపులో రోజూ బస్సు దిగే పిల్లలూ అంతే. దాన్ని మొదలుపెట్టిన వాల్‌చంద్ హీరాచంద్ పేరు ఇంట్లో పెద్దలు చెప్పరు, బళ్లో మేష్టార్లు చెప్పరు.

మా నాన్న తరానికి ఆయన కథ కంఠతా వచ్చు. మన సముద్రం మీద తెల్లవాళ్ల కంపెనీలే రాజ్యం చేస్తున్న కాలంలో సింధియా స్టీమ్ నావిగేషన్ పెట్టి, 1919లో 'లాయల్టీ' ఓడను బొంబాయి నుంచి లండన్‌కు నడిపించిన మనిషి. ఓడలు కొని నడిపితే చాలదు, మనమే కట్టుకోవాలన్నాడు. 1941 జూన్ 21న విశాఖలో యార్డుకు బాబూ రాజేంద్రప్రసాద్ చేత శంకుస్థాపన చేయించాడు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో ఊరి మీద జపాన్ బాంబులు పడ్డాయి. అయినా యార్డు ఆశ వదులుకోలేదు. 1948 మార్చి 14న నెహ్రూ గారొచ్చి యార్డు కట్టిన 'జల ఉష'ను నీళ్లలోకి దింపారు. ఎనిమిది వేల టన్నుల సరుకు మోసే ఓడ!

తర్వాత యజమానులు మారారు. ఇక్కడ కట్టిన ఓడకు విదేశాల్లో కట్టినదానికంటే ఖర్చెక్కువ. ఒక్క కంపెనీ మోయగల బరువు కాదది. 1952లో ప్రభుత్వం మూడింట రెండు వంతుల వాటా తీసుకుంది, 1961లో మిగిలిందీ తీసుకుంది. అందులో నాకు తప్పేమీ కనబడదు. బోర్డు మీద పేరు మారింది గాని ఓడ కట్టే స్లిప్పు మీద సరుకు ఓడే ఉంది.

యార్డులో మేం పనిచేసిన రోజుల్లో, గీతలు గీసే హాలు మౌల్డ్ లాఫ్ట్‌లో చెక్క నేల మీద ఓడ గీతలను అసలు కొలతలోనే గీసేవాళ్లం. పల్చటి బద్దను వంచి, అటూ ఇటూ మేకులు దిగ్గొట్టి, దాని వెంట సుద్దతో గీత లాగాలి. మా మేస్త్రి నేలకు చెంప ఆనించి, ఒక కన్ను మూసి ఆ వంపు పొడుగునా చూసేవాడు. ఎక్కడైనా నూలు వాసి ఉబ్బు కనబడిందా, గీతంతా చెరిపించేవాడు. రేకు వంపు సరిగా లేకపోతే సముద్రం ఊరుకోదురా అనేవాడు. ఇప్పుడు కంప్యూటర్ గీస్తుంది, యంత్రం కోస్తుంది. పని త్వరగా అవుతుంది, కాదనను. కానీ అలా చెంప ఆనించి తప్పు పట్టుకునే కన్ను కొత్తవాళ్లకు ఎక్కడ అబ్బుతుంది?

ఓడ దింపే రోజున యార్డు వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లూ పిల్లలూ కొత్తబట్టలు కట్టుకుని వచ్చేవాళ్లు. కొవ్వు పూసిన దుంగల మీద ఓడ కదలగానే కేకలు మిన్నంటేవి. ఆ ఓడ మన బియ్యం, మన ఖనిజం మోసుకెళ్తుందని మా అందరికీ తెలుసు.

ఇప్పుడూ గొప్ప నౌకలే కడుతున్నారు. క్షిపణుల జాడ పట్టే 'ధ్రువ్' ఇక్కడిదే. నీటి అడుగున చిక్కుకున్న జలాంతర్గామి సిబ్బందిని కాపాడటానికి తోడ్పడే 'నిస్తార్' 2025లో ఇక్కడినుంచే నేవీకి చేరింది. నౌకాదళానికి ఐదు భారీ సహాయక నౌకల కోసం 2023లో ఒప్పందం కుదిరింది. దేశానికి అవి కావాలి, నా గుండె కూడా పొంగుతుంది. నా బాధల్లా సరుకు గురించి. ఒకప్పుడు మన విదేశీ వ్యాపారంలో నలభై శాతం దాకా మన ఓడల్లోనే పోయేదంటారు. ఇప్పుడది ఐదు శాతం అటూ ఇటూ. మిగతా కిరాయంతా పరాయి ఓడలవాళ్లకే. వాల్‌చంద్ ఏ బాధతో ఈ యార్డు పెట్టాడో ఆ బాధ తీరనే లేదు. ఆయన సింధియా కంపెనీ ఓడలు ఏనాడో సముద్రం మీద కనబడకుండా పోయాయి.

ఓడలు కట్టేవాళ్లకు ఢిల్లీ సాయం ప్రకటిస్తూనే ఉంది. 44 వేల టన్నుల ఆ సహాయక నౌకలకు ఒప్పందం చేసుకున్న యార్డుకు సరుకు ఓడ కట్టడం చేతకాక కాదు, కట్టమని అడిగేవాళ్లు కావాలి. మన ఓడల కంపెనీలు కొరియాకో చైనాకో పరిగెత్తకుండా, యుద్ధనౌకల పక్కనే సరుకు ఓడలకు కూడా గాంధీగ్రామ్‌లోని ఈ యార్డుకు ఆర్డర్లు ఇవ్వాలి.