చేపలు లేని తొట్టికి కరెంటు కాల్చండి

మా బొగ్గుగనుల ఊరు రామకృష్ణాపూర్‌లో, కంపెనీ క్వార్టర్లో ఉప్పునీటి పగడాల తొట్టి పెడతామనేవాళ్లకు నేను చెప్పే మాటలు ఇంట్లో ఎవరికీ నచ్చవు. అన్నీ అడ్డంగానే ఉంటాయి. అయినా అలాగే చెయ్యమంటాను. గప్పీలూ గోల్డ్‌ఫిష్‌లూ సాకిన అలవాటుతో ఇందులోకి దిగితే మొదటి నెలలోనే చేపలు చస్తాయి, వాటితోపాటు జీతం డబ్బులూ పోతాయి. డబ్బులు మళ్లీ సంపాదించుకోవచ్చు. సముద్రపు ప్రాణి మన తొందరకు చావకూడదు.

"మొదటిసారి కదా, చిన్న తొట్టితో నేర్చుకుందాం" అనుకోకండి. పెద్దదే కొనండి. నీళ్లు తక్కువుంటే ఒక్క మధ్యాహ్నంలో వేడెక్కుతాయి, ఒక్క చేప చస్తే మొత్తం పాడవుతాయి. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టిలో సుమారు 190 లీటర్లు పడతాయి. ఆ నీళ్ల బరువే 195 కిలోలు. రాళ్లు, అద్దాలు కలిస్తే పావు టన్ను దాటుతుంది. టీవీ బల్ల మీద పెట్టే వస్తువు కాదది. కింది అంతస్తులో, గోడవారగా, ఇనుప స్టాండు మీద పెట్టండి.

విశాఖ పోయే బంధువు క్యాన్లలో సముద్రపు నీళ్లు తెస్తానంటే వద్దనండి. తెలుగు తీరం పొడవునా చెప్పుకోదగ్గ పగడపు దిబ్బలు లేవు. మంచిర్యాల పక్కనుంచి పోయే గోదావరి కూడా దానికి ఒక కారణం. గోదావరి, కృష్ణ మోసుకెళ్లి పోసే మంచినీళ్లు, ఒండ్రు పగడాలకు పడవు. వాటికి తేటగా, ఉప్పదనం మారకుండా ఉండే నీళ్లు కావాలి. మన దేశంలో పగడపు దిబ్బలు ముఖ్యంగా మన్నార్, కచ్ సింధుశాఖల్లో, లక్షద్వీప్‌లో, అండమాన్ నికోబార్‌లో ఉన్నాయి. ఒడ్డున ముంచి తెచ్చిన నీళ్లలోని సూక్ష్మజీవులు రైల్లోనే చచ్చి, ఇంటికొచ్చేసరికి కుళ్లడం మొదలవుతుంది.

కల్లుప్పు కలిపితే చాలదా అని అడుగుతారు. చాలదు. నౌపడలోనో చినగంజాంలోనో ఉప్పు మళ్లలో నీళ్లు ఎండేటప్పుడు ముందు సున్నం, జిప్సం అడుగున పేరుకుంటాయి. తర్వాత ఉప్పు కడుతుంది. మెగ్నీషియం చివరి చేదునీళ్లలో ఉండిపోతుంది, వాటిని వేరుగా తీసేస్తారు. అంటే పగడం ఒంటికి కావాల్సిన కాల్షియం, మెగ్నీషియం రెండూ కల్లుప్పులో లేనట్టే. అక్వేరియం కోసం తయారైన సముద్ర లవణమే కొనండి. ఈ తొట్టికి దాదాపు ఏడు కిలోలు పడుతుంది. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో వెయ్యికి 35 పాళ్లు చూపాలి.

ఆ ఉప్పు కలిపే నీళ్లలో ఏమీ ఉండకూడదు. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. ఇంటి ఆర్వో మిషన్లు చాలావాటిలో రుచి కోసం ఖనిజాలు కలిపే ఏర్పాటుంది, వాటర్ ప్లాంటు క్యానూ అంతే. ఆర్వో తర్వాత మిగిలిన లవణాలనూ తీసేసే డీఐ ఫిల్టరు పెట్టి, నీళ్లలో కరిగినవి కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపాకే ఉప్పు కలపండి.

మన ఊళ్లో మాత్రమే వినిపించే సలహా ఒకటుంది: "ఫిల్టర్లో వేసేది బొగ్గే కదా, మనకేం తక్కువ?" పొరపాటున కూడా గనిబొగ్గు వెయ్యకండి. ఫిల్టర్లో వేసేది యాక్టివేటెడ్ కార్బన్. కొబ్బరి చిప్పనో బొగ్గునో ఎక్కువ వేడిలో ఆవిరి పట్టించి, లోపల లెక్కలేనన్ని సన్నటి రంధ్రాలు తెరిపిస్తే అది తయారవుతుంది. పచ్చిబొగ్గు నుంచి గంధకం, లోహాలు నీళ్లలోకి దిగుతాయి. ఓపెన్ కాస్టు దుమ్ము గాలికి వచ్చే ఇళ్లలో తొట్టి మీద సన్నని వలమూత కూడా ఉండాలి.

ఇక అందరూ తగువు పడే సలహా. రాళ్లు పేర్చి, నీళ్లు నింపి, పంపు నడిపించి, చేపలు వెయ్యకుండా నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. లైటు కూడా వెయ్యకండి. "ఏందన్నా, చేపల్లేవ్, లైటు లేదు, మోటరు మాత్రం రాత్రంతా నడుస్తది?" అని పక్క క్వార్టర్ చెల్లె అడుగుతుంది. అడగనివ్వండి. లోపల ఒక పచ్చి రొయ్య వెయ్యండి. అది కుళ్లి అమ్మోనియా పుడుతుంది. అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా రాళ్లకు పట్టాలి. అమ్మోనియా పరీక్ష సీసాలో చుక్కలు వేసినప్పుడు మొదట్లో నీళ్లు ఆకుపచ్చగా మారతాయి. రోజులు గడిచేకొద్దీ ఆ పచ్చదనం పలచబడి, చివరికి పసుపు రంగే నిలుస్తుంది. అమ్మోనియా పోయిందని అర్థం. నైట్రైట్ కూడా సున్నాకు వచ్చాకే మొదటి చేప. తర్వాత లైటు వేస్తే రాళ్లమీద గోధుమరంగు పొర కమ్ముతుంది. దాన్ని చూసి భయపడి తొట్టంతా కడిగేవాళ్లున్నారు. కడిగితే బాక్టీరియా పోయి మళ్లీ మొదటికొస్తుంది. దానంతటది పోతుంది, ఆగండి.

పగడాల తొట్టిలో గట్టి పగడాలు వద్దంటాను. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్లో 2001 నుంచి గట్టి పగడాలన్నీ ఉన్నాయి. రామేశ్వరం నుంచి తెచ్చిన ఎండు పగడపు రాయి కూడా ఇంట్లో ఉండకూడదు. తయారుచేసిన సిరామిక్ రాళ్లు వాడండి. మెత్తని రకాలు కొన్నా, ఎక్కడివో కాగితం చూపనివాడి దగ్గర తీసుకోకండి. చేపల్లో హేచరీలో పుట్టిన క్లౌన్ చేపల జంటను అడిగి తెచ్చుకోండి. వాటిని హేచరీల్లో పెంచే పద్ధతి మన దేశంలో కూడా ఉంది.

అన్నిటికన్నా పెద్ద శత్రువు ఎండ. మే నెలలో మన దగ్గర 45 డిగ్రీలు మామూలే. తొట్టి నీళ్లు 25, 26 దగ్గర నిలవాలి. 30 దాటి కొన్నాళ్లుంటే పగడం తనకు తిండిపెట్టే నాచును బయటికి నెట్టేసి తెల్లబడుతుంది. లక్షద్వీప్ సముద్రంలోనే 1998, 2010, 2016లో ఇది జరిగింది. నీళ్లమీద ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, అంతే. ఆ గదిలో కూలర్ వేస్తే గాలిలో తేమ పెరిగి ఆ ఫ్యానూ పనిచెయ్యదు. నీళ్లను చల్లబరిచే చిల్లర్ తప్పదు. అది వదిలే వేడిగాలి కిటికీ బయటికి పోవాలి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు లోపలే ఉంటుంది కాబట్టి తగ్గినంతా ఉప్పు కలపని డీఐ నీళ్లే పొయ్యండి, ఉప్పునీళ్లు కాదు. షిఫ్టులు మారేవాళ్లు తగ్గిన నీళ్లు తానే పోసే ఆటో టాప్ ఆఫ్, లైటుకు టైమరు పెట్టుకోండి. కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు తొట్టి పక్కనే ఉండాలి.

మొదలుపెట్టేది ఎండాకాలంలో వద్దు. దసరా దాటాక నీళ్లు నింపితే మే వచ్చేసరికి తొట్టి కుదురుకుంటుంది. కంపెనీ లాభాల వాటా, దీపావళి బోనస్ చేతికొచ్చినప్పుడు ముందు చిల్లర్ కొనండి, అద్దాల తొట్టి తర్వాత. ఆ డబ్బు చిల్లర్‌కు చాలకపోతే ఆ ఏడు తొట్టి పెట్టకండి.