ఒంటబట్టని విటమిన్

మా బావగారు నూనెను ఇంట్లోంచి వెళ్లగొట్టి ఏడాది దాటింది. వేపుడు లేదు, తాలింపు లేదు. ఇడ్లీలోకి కారప్పొడి వడ్డిస్తే మధ్యలో వేలితో గుంట చేసి నూనె పోసుకునే ఆనవాయితీ కూడా పోయింది. పొడిని మజ్జిగతో తడుపుకుంటారు. పొద్దున్నే పాలకూర, కీరా, కొత్తిమీర మిక్సీలో తిప్పి, వడకట్టి, గ్లాసెడు తాగుతారు. ఆ వెంటనే ఆకుపచ్చ విటమిన్ ఇ గోళీ ఒకటి, మంచినీళ్లతో.

"ఆకురసం తాగాక మళ్లీ గోళీ దేనికి బావగారూ?" అన్నాను.

"రసం సహజం. గోళీ బీమా" అన్నారు.

ప్రీమియం బాగానే కడుతున్నారు, చిక్కంతా క్లెయిము దగ్గరే. విటమిన్ ఇ కొవ్వులో కరుగుతుంది, నీళ్లలో కరగదు. చిన్నపేగులో పైత్యరసం కొవ్వును సన్నటి బిందువులుగా విడగొట్టాలి, క్లోమరసం దాన్ని అరిగించాలి, ఆ అరిగిన కొవ్వులో నక్కి ఈ విటమిన్ పేగు గోడ దాటాలి. అక్కణ్నుంచి కైలోమైక్రాన్లనే కొవ్వు మూటలెక్కి, శోషరస నాళాల దారిన రక్తంలో కలవాలి. అసలు పైత్యరసం పేగులోకి బాగా దిగాలన్నా కొవ్వు తగలాలి. బావగారు బస్సు మాన్పించి టికెట్టు మాత్రం రోజూ కొంటున్నారు.

అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు పచ్చికూరల సలాడ్‌తో వండిన గుడ్లు పెట్టి చూశారు. ఉత్త సలాడ్ తిన్నప్పటికంటే విటమిన్ ఇ ఎన్నో రెట్లు ఎక్కువగా ఒంటబట్టింది. గోంగూర పచ్చడి మీద నూనె తేలేలా పోసే మా అమ్మమ్మకు ఇది ముందే తెలుసని వాట్సాప్‌లో పెట్టేయకండి. ఆవిడ నిల్వ కోసం, రుచి కోసం పోసింది. ఇలాంటి పదార్థం ఒకటుందని 1922లో కాలిఫోర్నియాలో హెర్బర్ట్ ఎవాన్స్, కేథరిన్ బిషప్ ఎలుకల మీద కనిపెట్టేదాకా ఎవరికీ తెలియదు. ఆ ఎలుకలకు కడుపు నిలవకపోతే లెట్యూస్ ఆకు పెట్టారు, నిలిచింది.

పోయిన నెల బావగారు గోళీ మార్చారు. కొత్త డబ్బా మీద "ఎనిమిది రూపాలూ కలిసిన సంపూర్ణ సహజ ఇ" అని రాసి ఉంది, ధర మూడింతలు. ఎనిమిది మాట నిజమే. మొక్కల్లో నాలుగు టోకోఫెరాల్‌లు, నాలుగు టోకోట్రైఈనాల్‌లు ఉంటాయి. పేగు పెద్దగా తేడా చూపకుండా అందర్నీ రానిస్తుంది. పేచీ కాలేయం దగ్గర. అక్కడొక ప్రోటీను పెళ్లివారి పెద్దమనిషిలా గుమ్మంలో నిలబడి ఆల్ఫా టోకోఫెరాల్ చెయ్యి పట్టుకుని తిరిగి రక్తంలోకి పంపుతుంది. మిగతా ఏడుగురిలో చాలామట్టుకు ముక్కలై మూత్రం దారినో, పైత్యరసం దారినో బయటికి నడుస్తారు. ఫ్యాక్టరీ ఆల్ఫాకైనా పూర్తి మర్యాద లేదు. అందులో సగానికి ఆకృతి కుదరక గుమ్మం దగ్గరే తిరస్కారం.

టోకోట్రైఈనాల్‌లు బియ్యపు తవుడులో ఉంటాయి. మనం బియ్యాన్ని మల్లెపువ్వులా పాలిష్ పట్టించి తవుడు గేదెకు పెడతాం. అదే తవుడు సరుకును గోళీ కట్టించి మూడింతల ధరకు కొంటాం. దాన్నీ కాలేయం గెంటేస్తుంది. గేదె నయం, ఊరికే తింటోంది.

"పోతే పోనీవయ్యా, ఎక్కువైతే నష్టమేముంది?" అన్నారు బావగారు. అమెరికా లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 15 మిల్లీగ్రాములు చాలు. ఒక పెద్ద చెంచాడు పొద్దుతిరుగుడు నూనెలోనే అయిదున్నర దాకా ఉంటుంది, గుప్పెడు వేరుశనగపప్పులో రెండు. ఆయన పాత గోళీలో 400. అమెరికా, కెనడాల్లో 35 వేల మందికి పైగా మగవాళ్లతో సెలెక్ట్ అనే పరీక్ష చేశారు. రోజూ 400 యూనిట్ల విటమిన్ ఇ మింగినవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ తేలిందని 2011లో ప్రకటించారు. కొవ్వు ఒంటబట్టని జబ్బులవాళ్లకు, ఆ కాలేయపు ప్రోటీను పుట్టుకతోనే లోపించినవాళ్లకు డాక్టరు రాసిస్తాడు, వాళ్లు వేసుకోవాల్సిందే. బావగారికి ఉన్న జబ్బు రిటైర్మెంటు ఒక్కటే.

పాత గోళీలు పారేశారా? లేదు. రాత్రి పడుకోబోయే ముందు పిన్నీసుతో గుచ్చి, జిగురుగా వచ్చే నూనెను కళ్లకింద రాసుకుంటారు. దిండుగలీబులన్నీ పసుపుపచ్చ మరకలు, అక్క రోజూ తిట్టుకుంటూ ఉతుకుతుంది. మయామీలో ఆపరేషన్ మచ్చల మీద విటమిన్ ఇ రాయించి చూస్తే మూడో వంతు మందికి దురద, ఎర్రటి దద్దుర్లు వచ్చాయి. ఎక్కువమంది మచ్చలు ఏమాత్రం మెరుగుపడలేదు. ఒంట్లోకి రానివ్వని నూనెకు మొహం మీద మాత్రం పీట వేశారు.

ఇదంతా ఒక ఆదివారం కూర్చోబెట్టి చెప్పాను. ఓపిగ్గా విన్నారు. మధ్యలో రెండుసార్లు "నిజమా!" అన్నారు కూడా. అక్క వంటింట్లోంచి తొంగిచూసింది, బహుశా తాలింపు గరిటె కోసం వెతుక్కుంటూ.

నిన్న వెళ్తే బల్ల మీద నల్లటి గాజు సీసా ఉంది. గానుగ నూనెట, వంద మిల్లీలీటర్లు, ఆన్‌లైన్‌లో తెప్పించారు. మూతకు డ్రాపర్ ఉంది.

"నువ్వు చెప్పినట్టే మొదలుపెట్టానోయ్" అన్నారు. "రోజూ రెండు చుక్కలు. ఖాళీ కడుపున."