కంట్రోల్ ఫోను ప్రవేశ శాస్త్రం

ఇద్దరు ఫోనులో మాట్లాడుకుంటుండగా మూడోవాడు ఎప్పుడు, ఏ హక్కుతో, ఎంత దగ్గి లోపలికి రావాలో చెప్పే శాస్త్రం మనకు లేదు. అరవై నాలుగు కళల్లో దీనికి చోటు దొరకలేదు. ఆ లోటు తీర్చింది కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం.

బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కణ్ణుంచి జపానుకు పంపడానికి 1960ల్లో తూర్పు కనుమలు తొలిచి వేసిన లైనిది. 50కి పైగా సొరంగాలు. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, దాదాపు 1000 మీటర్ల ఎత్తున శిమిలిగుడ, ఆ తర్వాత అరకు. ఇలాంటి సెక్షన్‌లో స్టేషన్లన్నిటికీ కంట్రోల్ ఫోను ఒకే తీగ మీద ఉంటుంది. బండ్ల రాకపోకలు చూసే సెక్షన్ కంట్రోలరు తనకు కావలసిన స్టేషన్‌లో మాత్రమే గంట మోగించగలడు. స్టేషన్ మాస్టరు మాత్రం గంట కొట్టనక్కర్లేదు, కంట్రోలరు ఎప్పుడూ లైన్లోనే ఉంటాడు. రిసీవరు ఎత్తగానే అప్పటికే సాగుతున్న మాటలు చెవిన పడతాయి. అంటే ఇక్కడ ఫోను చేయడం ఉండదు, దూరడమే.

దూరేందుకు మనిషి పేరు పనికిరాదు, ఊరి పేరు కావాలి. “కంట్రోల్, బొర్రా.” “ఆగు బొర్రా. చెప్పు చిమిడిపల్లి.” ఇంటిపేరు, సర్వీసు, ఇంక్రిమెంట్లు గుమ్మం బయటే రాలిపోయి మనిషి కాస్తా ఊరైపోతాడు. అద్వైత సిద్ధికి ఇంతకన్నా చౌకైన సాధన నాకు తెలియదు.

ఇక ముహూర్తం. పూర్వం కంట్రోలరు చార్టు మీద పెన్సిలుతో బండి గీత లాగేవాడు. ఆ గీత సాగినంతసేపు దొరికే మౌనమే ప్రవేశానికి శుభ ఘడియ. ఇప్పుడు గీతలు కంప్యూటరు గీస్తోంది, ముహూర్తాలు కరువయ్యాయి. తొందరపడ్డవాడు చీవాట్లు తింటాడు. మొహమాటపడ్డవాడి గూడ్సు లూప్ లైన్లో నిద్రపోతుంది.

అసలు లోపలికే రాక, ఊరికే వినేవాడు ఇంకొకడు. టీ జుర్రిన చప్పుడుతో దొరికిపోతాడు. పండితులు వీణ్ణి తప్పుపడతారు గానీ నేను ఒప్పుకోను. వానాకాలంలో పట్టాల మీద బండరాయి పడిందని ఒక స్టేషన్ చెబుతుంటే, పక్క స్టేషన్‌ చెవిన కూడా పడితే సగం పని అయినట్టే. అలాంటి వార్తకు ముహూర్తంతోనూ పనిలేదు. కరెంటు లైన్లలో పట్టాల పక్కన సుమారు కిలోమీటరుకొక ఎమర్జెన్సీ సాకెట్ ఉంటుంది. గార్డు చేతిఫోను గుచ్చితే చాలు, అడవి నడుమ నుంచి నేరుగా కంట్రోల్‌తో మాట్లాడతాడు.

దీనికి పూర్వపక్షం పట్నం ఆఫీసు ఎక్స్ఛేంజి. అక్కడ బాసు నాలుగు అంకెలు నొక్కి గుమాస్తా సంభాషణలోకి దూరవచ్చు. ఒక్క ‘బీప్’ వినిపిస్తుంది, మర్యాదంతా అదే. గుమాస్తాకు అత్యవసరమై బాసు లైన్ బిజీగా ఉంటే, సంగీతం వినే వరం ఇచ్చారు. దీనికంటే పాతకాలపు ట్రంకు కాల్ ఆపరేటరు నయం. “త్రీ మినిట్స్” అని ఎవరి మాటల్లోకైనా సమానంగా దూరేది.

కాబట్టి సిద్ధాంతం ఇది: ప్రవేశానికి హోదా ప్రమాణం కాదు, వార్తే ప్రమాణం. పాఠక మహాశయులు తమ ఆఫీసు ఎక్స్ఛేంజిలో ఇలా దూరే వరం ఎవరెవరికి ఉందో ఒకసారి అడిగి తెలుసుకోండి. గేటు దగ్గరి వాచ్‌మన్ నంబరు అందులో ఉండకపోవచ్చు. రాత్రిపూట పొగ మొదట చూసేది అతనే, దయచేసి చేర్పించండి.