పెళ్లిచూపుల్లో పాడాల్సిందెవరు?

మా వంటింట్లో నాకంటే సమర్థులైన మగవాళ్లున్నారు. ఒక్కొక్కరూ రెండున్నర మిల్లీమీటర్లుంటారేమో. మగ్గిపోయిన చక్కెరకేళీ పళ్ల మీద వాళ్ల మకాం.

"ఆ పళ్లు అవతల పారేయండి, ఈగలు ముసురుతున్నాయి" అంది మా ఆవిడ.

"ఇవి ఆషామాషీ ఈగలు కావోయ్. డ్రోసోఫిలా మెలనోగాస్టర్! వీటి మీద పరిశోధన చేసి నోబెల్ కొట్టినవాళ్లున్నారు" అన్నాను. పని తప్పించుకోవాలంటే నాకు శాస్త్రజ్ఞానం దానంతటదే పొంగుకొస్తుంది.

అక్కడితో ఊరుకుంటే గౌరవం దక్కేది. ఊరుకోకుండా వాటి ప్రణయ విధానం కూడా వివరించాను. 1915లోనే స్టర్టెవాంట్ అనే అమెరికా శాస్త్రవేత్త దాన్ని వర్ణించాడు. మగ ఈగ ముందు ఆడ ఈగకేసి తిరిగి నిలబడుతుంది. వెంట నడుస్తుంది. ముంగాలితో మెల్లిగా తడుతుంది. దాని కాళ్లకే రుచి తెలుస్తుంది కాబట్టి, ఎదుట ఉన్నది తన జాతి పిల్లో కాదో ఆ తాకిడితోనే పసిగడుతుంది. ఆపైన ఒక రెక్క చాపి, అదరగొడుతూ పాట ఎత్తుకుంటుంది. దరువుకీ దరువుకీ మధ్య దాదాపు 35 మిల్లీసెకన్ల ఎడం. దగ్గరి చుట్టమైన సిమ్యులన్స్ జాతి పాటలో ఈ ఎడం ఇంకాస్త ఎక్కువ. ఆడ ఈగ తన మీసాలతో ఆ పాట వింటుంది. నచ్చితే నడక తగ్గిస్తుంది. నచ్చకపోతే తన్నేసి పోతుంది.

"అంటే పాడేది మగదా?" అంది మా ఆవిడ.

గతుక్కుమన్నాను. మా పెళ్లిచూపుల్లో పాడింది ఆవిడ. నేను మైసూర్‌పాక్ నములుతూ తాళం తప్పుగా వేశాను.

"దానికది పుట్టుకతో వచ్చిన విద్య. ఫ్రూట్‌లెస్ అని ఒక జన్యువుంది. 2005లో వియన్నాలో ఆ జన్యువు మగ రూపాన్ని ఆడ ఈగల్లో పనిచేయిస్తే, అవి కూడా తోటి ఆడ ఈగల వెంటపడ్డాయి. నాకు అలాంటి జన్యువు లేకపోతే నేనేం చేసేది?"

"గిన్నెలు తోమడానికి జన్యువు అక్కర్లేదండీ, పీచు చాలు."

పరువు నిలుపుకుందామని మగ ఈగల కష్టాల్లోకి దిగాను. అప్పటికే జతకట్టిన ఆడ ఈగ మళ్లీ మగదాన్ని సులువుగా దగ్గరికి రానివ్వదు. అలా ఛీకొట్టించుకున్న మగ ఈగ, ఆ తర్వాత కొన్ని గంటలపాటు ఆడ ఈగల జోలికి వెళ్లడం తగ్గిస్తుందని 1979లో సీగెల్, హాల్ చూపించారు. ఆవగింజంత మెదడైనా లేని ప్రాణి, ఒకసారి వద్దంటే నేర్చుకుంటుంది! తడి తువ్వాలు మంచం మీద వేయొద్దని మా ఆవిడ పెళ్లయిన మర్నాటి నుంచీ చెబుతోంది. ఇవాళ కూడా అది మంచం మీదే ఉంది.

2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకోటి కనిపెట్టారు. తిరస్కారం పొందిన మగ ఈగలు, జతకట్టిన వాటికంటే ఎక్కువగా మద్యం కలిపిన మేత మీదికి ఎగబడ్డాయి. మనసు విరిగితే నేనూ పానీయాన్నే ఆశ్రయిస్తాను. నాది కాఫీ. అదీ ఆవిడే కలపాలి.

"అంత పాటా పాడి, గుడ్లు పెట్టాక పిల్లల్ని చూసుకుంటుందా?" అడిగింది.

"లేదు. అటువైపు తొంగి కూడా చూడదు" అన్నాను గెలిచినంత సంబరంగా.

"అక్కడొక్కచోటే మీ ఇద్దరికీ పోలిక కుదిరింది" అని లోపలికెళ్లిపోయింది.

అయ్యా, మొగుళ్లూ! వెచ్చటి వంటింట్లో ఈ ఈగ గుడ్డు నుంచి పెద్దదవడానికి పది రోజులు చాలు. మన ఉపన్యాసం పూర్తయ్యేలోపు ఇంకో తరం పాటకి సిద్ధమవుతుంది. పాడటం వస్తే పాడండి. రాకపోతే నోరు మూసుకుని ఆ పళ్లు పారేసి రండి.