ఫోను డబ్బా మీద ఇంకొక్క వరుస

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కార్యదర్శి గారి దివ్య సముఖమునకు,

పాత ఫోను వాడుకదారుల తరఫున ఒక అర్జీదారు నమస్కరించి విన్నవించుకునేది ఏమనగా: అర్జీదారు ఫోను ఇంకా బాగానే ఉంది. మాట్లాడుతుంది, ఫొటో తీస్తుంది, కిరాణా కొట్లో క్యూఆర్ కోడ్‌ను ఒక్క చూపులో పట్టేస్తుంది. మధ్యాహ్నానికల్లా ఛార్జింగ్ అయిపోతుంది, అంతే. అయినా దసరా సేల్ ప్రకటనలు మొదలైన దగ్గర్నుంచి ఇంట్లోవాళ్లు దాన్ని చూసి ‘మంచి ఫోనే, పాపం’ అంటున్నారు. కొత్తది కొనాలా, వద్దా?

ఇంత చిన్న గొడవ ఢిల్లీదాకా ఎందుకంటే, డబ్బా మీద ఏమేం అచ్చువేయాలో చెప్పే తూనికలు, కొలతల నిబంధనలు తమ శాఖవే. వాటి పుణ్యమా అని ఎమ్మార్పీ ఉంటుంది, తయారైన నెల ఉంటుంది, ఫిర్యాదుకు చిరునామా ఉంటుంది. ఎన్నాళ్లు పనికొస్తుందో మాత్రం ఉండదు. జలుబు మాత్రల పట్టీకి గడువు తేదీ ఉంది. ఇరవై వేల ఫోనుకు లేదు.

ఫోనుకు వయసు మీదపడేది రెండు చోట్ల. మొదటిది బ్యాటరీ. దీని మీద యాపిల్ కథ తమరు వినే ఉంటారు. బ్యాటరీ అరిగిన ఐఫోన్లు ఉన్నట్టుండి ఆరిపోకుండా వాటి వేగాన్ని సాఫ్ట్‌వేర్‌తో తామే తగ్గిస్తున్నామని ఆ కంపెనీ 2017 డిసెంబరులో ఒప్పుకుంది. జనం మండిపడ్డాక 79 డాలర్ల బ్యాటరీ మార్పిడిని 29కి దించింది. ఫోను పాతబడిపోయిందనుకున్నవాళ్లకు బ్యాటరీ మార్చగానే పాత వేగం తిరిగొచ్చింది. అది తెలియక ముందే కొత్తది కొనేసినవాళ్లు ఎందరో! 2020లో ఫ్రాన్స్ 2.5 కోట్ల యూరోల జరిమానా వేసింది. వేగం తగ్గించినందుకు కాదు, ఆ సంగతి చెప్పనందుకు. అర్జీదారు బాధ కూడా అదే.

రెండోది సెక్యూరిటీ అప్‌డేట్లు. అవి ఆగిపోయిన ఫోనులో బ్యాంకు లావాదేవీలు చేయడం తెలివైన పని కాదు; అప్పుడు కొత్తది కొనాల్సిందే, అందులో వాదన లేదు. గూగుల్ పిక్సెల్ 8తో 2023లోనూ, శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24తో 2024లోనూ ఏడేళ్ల అప్‌డేట్లకు మాటిచ్చాయి. సంతోషం. కానీ అవి ఖరీదైన ఫోన్లు. చౌక ఫోన్లకు ఆ భాగ్యం చాలాసార్లు రెండు మూడేళ్లే. పైగా ఆ లెక్క సాధారణంగా మోడల్ విడుదలైన నాటి నుంచి నడుస్తుంది, మనం కొన్న నాటి నుంచి కాదు. సేల్‌లో చవగ్గా వచ్చిన నిరుటి మోడల్‌కు అప్పుడే ఓ ఏడాది ఖర్చయిపోయి ఉంటుంది. ఇది డబ్బా మీద కనిపిస్తే ఎన్ని ‘ఆఫర్లు’ వెలవెలబోతాయో!

మరి 5జీ? యూపీఐకి 4జీ చాలు.

యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. ఒక మోడల్ అమ్మకం ఆపాక కూడా ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలి. 800 సార్లు పూర్తిగా ఛార్జి చేశాక కూడా బ్యాటరీలో 80 శాతం సత్తా మిగలాలి. మరమ్మతు ఎంత సులువో లేబుల్ మీద చూపాలి. మన దగ్గరా కదలిక లేకపోలేదు: 2022 డిసెంబరులో తమ శాఖే ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెరిచింది. ఏ వస్తువు మరమ్మతు ఎంత సులువో చెప్పే ‘మరమ్మతు సూచీ’ మీద వేసిన కమిటీ 2025 మేలో నివేదిక కూడా ఇచ్చింది.

కాబట్టి ప్రార్థన: ఆ సూచీతోపాటు డబ్బా మీద ఒకే ఒక్క వరుస వేయించండి. ‘అప్‌డేట్లు ఫలానా నెల, ఫలానా ఏడాది వరకు; బ్యాటరీ ఇన్ని ఛార్జింగులకు.’ తెలుగులోనూ ఉంటే మరీ మంచిది. విడిభాగాలు బయట అమ్మమని కంపెనీలకు ఒక మాట చెబితే హైదరాబాద్ ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్లో ఫోన్లు బాగుచేసే కుర్రాళ్లు అసలు బ్యాటరీయే వేసిస్తారు.

ఇట్లు,
తమ విధేయుడైన అర్జీదారు

తా.క.: పాత ఫోనుకు ప్లాస్టిక్ టబ్బు ఇస్తామంటూ మా వీధిలో మైకు తిరుగుతోంది. అలా పోగుచేసిన దాదాపు 4,000 ఫోన్లను 2024లో రామగుండంలో పోలీసులు పట్టుకున్నారు. సైబర్ నేరాలకు వాడేందుకేనని చెప్పారు. అందుచేత కొత్తది కొన్నా కొనకపోయినా పాతదాన్ని టబ్బుకు ఇచ్చేది లేదని అర్జీదారు ఇంట్లో ఏకగ్రీవంగా తీర్మానమైంది. టబ్బు అవసరం మాత్రం ఉంది.