చక్రవర్తినమ్మ చలవ

ఆత్రేయపురం సెంటర్లో నిలబడి విక్టోరియా మహారాణిని ఒక్క మాట అని చూడండి. "ఆయ్, అలాగనకండి. ఈ కాలవలూ, ఈ చేలూ, మనం తినే ఈ అన్నం ఆవిడ చలవే కదండీ!" అంటూ ఇద్దరైనా లేస్తారు. మూడో ఆయన ఇంటికెళ్లి, ముత్తాత దాచిన వెండి రూపాయిని దేవుడి గూట్లోంచి తెచ్చి మరీ చూపిస్తాడు.

ఆ భక్తికి నాకేం అభ్యంతరం లేదు. తేదీలకే కొంచెం ఉంది. ఈ కాలవలకు నీళ్లిచ్చే ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. అప్పుడు మనల్ని ఏలింది ఈస్టిండియా కంపెనీ. రాణీగారు లండన్లో ఏడుగురు పిల్లల తల్లి. కంపెనీ చేతిలోంచి దేశం ఆవిడ చేతికి వచ్చింది 1858లో. 'భారత చక్రవర్తిని' బిరుదును ఢిల్లీ దర్బారులో చదివి వినిపించింది 1877 జనవరి 1న. అంటే ఆనకట్ట పూర్తయిన పాతికేళ్లకు! రైతు పంట కోసి, అమ్మి, ఆ డబ్బుతో పెళ్లి చేసుకుని, పుట్టిన కొడుకు అరక పట్టాక ఎవరో గట్టు మీదికొచ్చి "విత్తనం నాదే" అన్నట్టుంది.

నమ్మకపోతే ఆ గూట్లో రూపాయినే అడగండి. 1876 దాకా పోసినవాటి మీద విక్టోరియా 'క్వీన్', 1877 నుంచి 'ఎంప్రెస్'. టంకసాలవాడు సంవత్సరం కూడా వేశాడు పాపం. మనం బొమ్మకు బొట్టు పెట్టి ఊరుకున్నాం.

సరే, చక్రవర్తిని అయ్యాక ఆ చలవ ఎలా ఉందో చూద్దాం. దర్బారు నాటికే మద్రాసు రాజధానిలో వానల్లేక రాయలసీమ, బళ్లారి ఎండిపోతున్నాయి. ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ గారు రాజులకూ నవాబులకూ విందులు చేశారు. ఆ వెంటనే సర్ రిచర్డ్ టెంపుల్ దొర దక్షిణాదికి వచ్చి, కరువు పనిలో ఉన్న మగమనిషికి రోజుకు పౌను గింజలు, పైన కొద్దిగా చిల్లర చాలని తేల్చారు. పౌనంటే అరకిలో కూడా లేదు. అది తిని పొద్దుటి నుంచీ రాళ్లు కొట్టాలి. 1876-78 మధ్య ఆ కరువులో యాభై లక్షలకు పైగా చనిపోయారని చరిత్రకారుల అంచనా. కాలవలున్న గోదావరి డెల్టాలో మాత్రం పంట పండింది. మరి ఆ ఆనకట్ట కట్టించి కాలవలు తవ్వించిన మనిషికి దక్కిన సన్మానం? రైళ్ల మీద పోసే డబ్బు కాలవల మీద పెట్టండని మొత్తుకుంటున్న కాటన్ దొరను 1878లో పార్లమెంటు కమిటీ కూర్చోబెట్టి ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది.

కాటన్‌కు దండ వెయ్యండి, నేనూ వేస్తాను. ఆయనకు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్న గారికీ వెయ్యండి. రాళ్లు మోసిన వేలమంది కూలీలకు వెయ్యాలంటే పటాలు లేవు.

కరువు తీరీ తీరకముందే, 1879లో, మనకు ఎగువన గోదావరి ఏజెన్సీలో రంప పితూరీ లేచింది. కారణాల్లో పెద్దది కల్లుగీత మీద చిగురుపన్ను. ఆవిడ సామ్రాజ్యంలో సూర్యుడు అస్తమించడనేవారు. మరి తాటిచెట్టు మాత్రం ఊరికే ఎలా నిలబడుతుంది? అణచడానికి సైన్యాన్ని దించారు. ఆ మన్యం కథ మన సెంటర్లో ఎవరూ ఎత్తరు. అక్కడ చలవ సరిగ్గా అందలేదు కాబోలు.

ఇంతా చేసి మహారాణిగారు ఈ దేశంలో ఒక్కసారీ కాలు పెట్టలేదు. 1887 నుంచి ఆగ్రాకు చెందిన అబ్దుల్ కరీం దగ్గర ఉర్దూ నేర్చుకున్నారు, అది మెచ్చుకోవలసిందే. 1901 జనవరి 22న కన్నుమూశారు.

చలవ జబ్బు మాత్రం బతికే ఉంది. ఇప్పుడు కాలవలో తూడు తీసినా ఫ్లెక్సీ, గట్టు మీద గుప్పెడు కంకర పోసినా ఫ్లెక్సీ, నాలుగు మూలలా నలుగురి నవ్వులు. మా పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గనుక, దానికీ ఒక వారసుడు బయలుదేరుతాడు. అట్టపెట్టె మీద ఎవరి బొమ్మైనా వేసుకోవచ్చు. రేకు మీద వేద్దామంటేనే చిక్కు: బోర్లించిన కుండ మీద పిండినీళ్ల గుడ్డతో ఆడవాళ్లు తీసే ఆ పొర మీద సిరా నిలవదండి, చిరిగిపోద్ది.