అడవికి వెళ్లిన లక్ష్మణుడికి నిద్రెక్కడిది?

సెలవులకు అరకు ప్రయాణం కట్టే ప్రతి బంధుబలగంలోనూ చీమ చిటుక్కుమంటే లేచి కూర్చునే మనిషి ఒకరుంటారు. బాబాయి కావచ్చు, మేనత్త కావచ్చు. వాళ్లకు రోగమేం లేదు, కుక్కనిద్ర అంతే. అయినా బృందమంతా వాళ్లను ముద్దాయిల్లాగే చూస్తుంది. "నీకోసం మేమంతా గుసగుసలాడుకోవాలా?" అని నిలదీసేది కూడా పుట్టిన దగ్గర్నుంచీ గుసగుసలాడ్డం చేతకాని బావగారే.

పాపం బాబాయి, ముందుజాగ్రత్తగా రిసార్టుకు ఫోన్ చేస్తాడు.

"రాత్రిపూట గోలేమైనా ఉంటుందా అండీ?"

"అస్సలుండదు సార్, ఫుల్ ప్రశాంతం. క్యాంప్‌ఫైర్, డీజే అన్నీ పదకొండున్నరకల్లా అయిపోతాయి."

"జనరేటర్ ఎక్కడుంది?"

"మీ కాటేజీ వెనకాలే సార్. కరెంటు పోయినా మీకు ఇబ్బంది ఉండదు."

అబద్ధం ఒక్కటీ లేదు. థింసా ఆడే గిరిజన మహిళలు తమ ఆట ముగించుకుని తొందరగానే ఇళ్లకు వెళ్లిపోతారు. ఆ తర్వాత మైదానం మనవాళ్లది. బొంగు చికెన్ తిన్న ఉత్సాహంలో మరిది మైకు అందుకుంటే కొండకు అవతలివాళ్లకు కూడా అతని శ్రుతి సంగతి తెలిసిపోతుంది.

చట్టం లేదా అంటే భేషుగ్గా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. నివాస ప్రాంతాల్లో రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటిస్తే అక్కడ పరిమితి 40. పడకగదిలో 30 దాటకుంటేనే మంచి నిద్ర అని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఈ లెక్కన కుక్కనిద్ర వాళ్లకు అనువైన విహారస్థలం జిల్లా కోర్టు వెనక సందు. రాత్రిళ్లు అక్కడ వాయిదాలు కూడా ఉండవు.

సరే, మరిది అలిసిపోయాడనుకుందాం. అప్పుడు గూడ్సు బండి వస్తుంది. కొత్తవలస–కిరండూల్ లైను వేసింది మనం సెల్ఫీలు దిగడానికి కాదు, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖకు దింపడానికి. పగలు అద్దాల రైల్లో కేరింతలు కొట్టించిన ఆ పట్టాలే రాత్రికి అసలు పనిలో పడతాయి. దానికితోడు సైన్సు కూడా బాబాయి మీద పగబట్టింది. కొత్తచోట మొదటి రాత్రి గాఢనిద్రలో సైతం మెదడు ఎడమ సగం కాస్త మెలకువగా కాపలా కాస్తుందని 2016లో బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు తేల్చారు. మన ప్యాకేజీలేమో రెండు రాత్రులవి. మొదటిది మెదడు కాపలాకి, రెండోది మరిది పాటకి.

అసలు యుద్ధం గదుల పంపకం దగ్గర. పెద్దవాళ్లకు మెట్లెక్కే పనిలేని గది. కొత్త జంటకు బాల్కనీ గది. పిల్లలున్నవాళ్లకు డైనింగ్ హాలు పక్కది. "నువ్వొక్కడివేగా, ఎక్కడైనా సర్దుకుంటావ్" అంటూ బాబాయికి పెదనాన్నగారి గదిలో ఎక్స్‌ట్రా బెడ్. ఆ బెడ్డుకు లోకంలో ఒకే స్థానం: బాత్రూమ్ తలుపుకూ ఫ్రిజ్‌కూ మధ్య. పెదనాన్నగారు దిండు మీద తల ఆనించి, "ఏరా, నిద్రపట్టిందా?" అని అడిగి, జవాబు వచ్చేలోపే గురక అందుకుంటారు. గురకపెట్టేవాళ్లకే ముందు నిద్రపట్టాలన్న నియమం ఎవరు పెట్టారో గానీ మహా దుర్మార్గుడు. తెల్లారి ఇడ్లీల దగ్గర, "రాత్రంతా వీడు మంచం మీద పొర్లుతూనే ఉన్నాడు, నాకు కంటిమీద కునుకులేదు" అని పదిమందిలో ఫిర్యాదు చేసేదీ ఆయనే.

తెల్లారి అన్నానా? అంతకుముందే వంజంగి ఉంది. మేఘాల మీద సూర్యోదయం చూడాలంటే చీకట్లోనే బయల్దేరాలి కదా. పక్క కాటేజీ వాళ్లు మూడింటికే లేచి, డ్రైవర్‌ను పేరుపెట్టి కేకేసి, కారు తలుపులు ఒక్కొక్కటే దఢాలుమనిపించి, మర్చిపోయిన మంకీక్యాపు కోసం మళ్లీ వెనక్కొస్తారు.

మన పెద్దలకు ఈ సంగతి ఏనాడో తెలుసు. ఇంటిపట్టున ఉన్న ఊర్మిళ పద్నాలుగేళ్లు హాయిగా నిద్రపోయింది. కుటుంబంతో అడవికి వెళ్లిన లక్ష్మణుడు పద్నాలుగేళ్లూ రెప్పవేయలేదు.

అందుకే యాత్రలకు పెత్తనం చేసే బావగార్లందరికీ మనవి. బుక్ చేసేటప్పుడు వ్యూ ఒక్కటే కాదు, జనరేటర్, వాటర్ పంపు, వంటగది, పార్కింగ్ ఎటువైపు ఉన్నాయో కూడా అడగండి. వాటన్నిటికీ దూరంగా, పై అంతస్తులో వరండా చివరన, పక్కగదికి మధ్యతలుపు లేని గది ఒకటి చూసి, దాని తాళం ముందుగా కుక్కనిద్ర మనిషి చేతిలో పెట్టండి. గురకవీరులందరినీ ఒకే కాటేజీలో వేయండి, ఒకరి గోల ఒకరికి వినపడదు. ఆ ఒక్క గదికి అద్దె ఎక్కువైతే బాబాయే ఇచ్చుకుంటాడు. ఆయన్ను అడిగి చూడండి, బేరం కూడా ఆడడు.